ఫోటో అంచున ఒక చెయ్యి

మా ఇంట్లో పొద్దున్నే బాస్కెట్‌బాల్ మీద తగువు పడతారంటే మా వీధిలో ఎవరూ నమ్మరు. ధర్మవరం మాది, పట్టుచీరల ఊరు. ఏ ఇంటి ముందు ఆగినా మగ్గం చప్పుడు, లోపల జరీ గురించో రేపు దిగబోయే చీర గురించో మాటలు. మా ఇంట్లో మాత్రం మా ఆయన మగ్గం గుంతలో కాళ్లు పెట్టుకుని, మా కూతురు గడప మీద ఫోన్ పట్టుకుని, అమెరికాలో ఆడే ఇద్దరు పొడుగాటి మగాళ్లలో ఎవరు గొప్ప అని కొట్లాడుకుంటారు. తమ కోసం ఇక్కడ రోజూ రెండు గ్లాసుల కాఫీ చల్లారిపోతోందని ఆ ఇద్దరికీ తెలియదు పాపం.

మా కూతురు డిగ్రీ చదువుతోంది. నేను చదివిన బడి గ్రౌండులోనే ఆట నేర్చుకుని, ఇప్పుడు కాలేజీ టీములో ఆడుతోంది. దాని మాట ఒకటే, గొప్పవాడు ఎవరి పక్కన ఆడినా గొప్పవాడే. మా ఆయన జన్మలో బంతి పట్టిన మనిషి కాదు. అయినా ఊరుకోడు.

"పక్కనోళ్లు గట్టోళ్లయితే ఎవుడైనా గెలుస్తాడు. వాడొక్కడే ఆడినాడా ఏమి? కప్పు గెలిస్తే ఇచ్చే ఉంగరాలు ఉంగరాలు అంటావే, ఆ ఉంగరాలు టీములో అందరికీ ఇచ్చింటారు కదా?"

"ఇస్తారు నాయనా. గుర్తుండేది మాత్రం ఒక్కడే కదా."

"అదే నేను చెప్పేది. గుర్తుండేది ఒక్కడు, ఆడింది ఐదు మంది."

"అట్లయితే మిగిలిన నలుగురి పేర్లు చెప్పు చూద్దాం."

మా ఆయన దగ్గర దానికి జవాబుండదు. మా కూతురి దగ్గరా ఉండదు, కానీ అడిగింది అది కాబట్టి గెలిచినట్టు ముఖం పెడుతుంది. ఓడిపోయిన మొగుడు ఏం చేస్తాడు, పెళ్లాం మీద పడతాడు. "మీయమ్మను అడుగు. గొప్ప ఆట ఆడింది కదా మీయమ్మ. ఏం కండే?" అని నవ్వుతాడు. పెళ్లయిన నాటి నుంచి ఆయన నన్ను అలాగే పిలుస్తాడు. కోపంలో పిలిస్తే నాకు కోపం వచ్చేది. నవ్వుతూ పిలుస్తాడు కాబట్టి ఏమీ అనలేక చచ్చేదాన్ని.

కండె అంటే నేత ఇళ్లలో తెలియని పిల్లలుండరు. చీరకు అడ్డంగా పోయే పట్టుపోగు చుట్టిన చిన్న పుల్ల అది. దాన్ని నాడెలో పెట్టి ఆ పక్కనుంచి ఈ పక్కకు విసురుతూ నేస్తారు. పోగు అయిపోగానే నేసే మనిషి తల తిప్పకుండా చెయ్యి చాపి "కండె" అంటాడు. పక్కన రాట్నం దగ్గర కూర్చున్న మనిషి, చుట్టి పెట్టుకున్న కండె ఆ చేతిలో పెట్టాలి. ఆలస్యమైతే మగ్గం ఆగుతుంది, మగ్గం ఆగితే తిట్లు మొదలవుతాయి. పుట్టింట్లో మా నాయనకు అందించాను, ఇప్పుడు మా ఆయనకు అందిస్తున్నాను. నా బతుకంతా ఎవరో చెయ్యి చాపడం, నేను అందులో ఏదో ఒకటి పెట్టడం.

ఇది ఏడుపుగా చెప్పడం లేదు. నా కండెలు బాగుంటాయి. వదులుగా చుడితే పోగు జారి, చీరలో అక్కడ ఒక గీత పడుతుంది, ఎంత గొప్ప నేతగాడైనా దాన్ని దాచలేడు. అలాగని నా కండెలు తీసుకుపోయి వేరేవాడికి ఇస్తే మా ఆయన నేసే చీర రాదు. చీర ఆయనదే. చీర చూసినవాళ్లు ఎవరు నేసినారు అని అడుగుతారు, కండెలెవరు చుట్టారని అడగరు. అడగాలని నేను ఏనాడూ కోరుకోలేదు. ఒక్క విషయంలో తప్ప.

ఆ ఒక్క విషయం చెప్పాలంటే బడి రోజులకు పోవాలి. ముప్పై ఏళ్లకు దగ్గర పడుతోంది. మా బడిలో ఆడపిల్లల బాస్కెట్‌బాల్ టీము ఉండేది. ఆడే ఐదుగురిలో నలుగురం నేత ఇళ్ల పిల్లలమే. మా పీఈటీ సారుది నల్లమాడ దగ్గర పల్లె, వేరుశెనగ రైతుల ఇంటి మనిషి. బంతి కావాలంటే "పాస్" అని అరవండి అని నేర్పాడాయన. మాకు పాసంటే పరీక్ష పాసే. నోటికి ఆ మాట వచ్చేది కాదు. ఎవరు మొదలుపెట్టారో తెలియదు, నెల తిరిగేసరికి కోర్టు మీద అందరం "కండె, కండె" అని అరుస్తున్నాం. సారు నెత్తి కొట్టుకుని, "మగ్గం గుంతల్లోంచి ఎప్పుడు బయటికొస్తారే మీరు" అన్నాడు. తర్వాత ఆయనా అలవాటు పడిపోయాడు.

ఇందులో ఒక పద్ధతి ఉంది. కండె అని అరిచేది అడిగే మనిషి. ఇచ్చే మనిషి నోరెత్తదు. మగ్గం దగ్గర ఎలాగో కోర్టు మీదా అలాగే. ఈ సంగతి కొంచెం గుర్తుపెట్టుకోండి, తర్వాత పనికొస్తుంది.

అడిగే మనిషి ఎక్కువగా మా కెప్టెన్. మా వీధిలోనే మూడిళ్ల అవతల ఉండేది. చింతబరిక లాగా పొడుగు, ఎడమచేతి వాటం, బొంగురు గొంతు. కోర్టు ఆ కొసన నిలబడి "కండె" అని అరిస్తే రోడ్డు మీద పోయే సైకిళ్లు ఆగేవి. ఆట ఆమెది. ఆ మాట నేను ఇప్పుడూ చెప్తాను, అప్పుడూ చెప్పాను. ఆమె చేతిలో బంతి పడితే మేం నలుగురం వెనక్కి పరుగెత్తడం మొదలుపెట్టేవాళ్లం, అది పడుతుందని అంత నమ్మకం. నా పని బంతి తేవడం, ఆమెకు అందించడం. అందించడంలో నన్ను మించిన మొనగత్తె లేదు. గొప్ప చెప్పుకుంటున్నాననుకుంటే అనుకోండి, ముప్పై ఏళ్లకు ఒకసారి చెప్పుకోవచ్చు.

పదో తరగతిలో రాష్ట్రం బడుల పోటీల్లో ఫైనలు దాకా పోయాం. అనంతపురంలో ఆట. అవతలి టీము కోస్తా పిల్లలు. అందరికీ ఒకే రంగు బూట్లు. మావి తలా ఒక రకం, నావి మా అన్నవి, ముందు గుడ్డపేలికలు కుక్కినవి. రెఫరీ కూడా ఆ పక్కనుంచే వచ్చిన మనిషి, మంచివాడే, తెల్లగా ఇస్త్రీ చేసిన బట్టల్లో ఉన్నాడు.

ఆట చివరికొచ్చేసరికి ఇద్దరి పాయింట్లూ సమానం. మా కెప్టెన్ మీద అప్పటికే నాలుగు ఫౌళ్లు. ఐదో ఫౌలు పడితే ఇక ఆ ఆటలో లేనట్టే, బెంచీ మీద కూర్చోవాలి. సారు గీత బయట నిలబడి "ఒళ్లు దగ్గర పెట్టుకో తల్లీ" అని దండం పెడుతూనే ఉన్నాడు. స్టేటు టీముకు పిల్లల్ని ఎంచేవాళ్లు ముందు వరుసలో కుర్చీలేసుకుని కూర్చున్నారు. వాళ్లు చూస్తున్నది ఆమె ఒక్కదాన్నే.

బంతి నా దగ్గరుంది. ఆమె బుట్ట కిందికి పోయి, ఒక కోస్తా పిల్ల ముఖానికి ఎదురుగా నిలబడి "కండె" అని అరిచింది. నాకు అడ్డంగా నిలబడ్డ ఇద్దరు పిల్లల మధ్య సందులోంచి విసిరాను. బంతి పోయి ఆమె చేతుల్లో పడింది, అదే సమయానికి విజిలు.

రెఫరీ ముఖం ఎర్రగా ఉంది. ఆ మనిషికి కండె అంటే ఏం తెలుసు? ఆ గోలలో ఆయన చెవికి "ముండ" అని వినపడింది. ఎదుటి పిల్లను మావాళ్లెవరో బూతు తిట్టారనుకున్నాడు. ఇప్పుడు తలుచుకుంటే పొట్ట చెక్కలయ్యేలా నవ్వొస్తుంది. తిట్టింది ఎవరో ఆయన చూడలేదు, చెవికి వినపడిందంతే. "ఎవరమ్మా ఆ మాట అన్నది?" అని అడిగాడు.

మా సారు మాకు ఒకటి నేర్పాడు. ఫౌలు ఎవరిదైతే వాళ్లు చెయ్యెత్తాలి, దొంగల్లా నిలబడకూడదు. ఆ రోజుల్లో అందరూ ఎత్తేవాళ్లు. నేను చెయ్యెత్తాను.

ఫౌలు నా మీద పడింది. సారు పరుగెత్తుకొచ్చి "కండె అంటే నేత పని మాట సార్, బూతు కాదు" అని బతిమాలాడు, ఆయన వినలేదు. ఆ ఫౌలుకు బదులుగా కోస్తా పిల్ల రెండు బంతులు వేసింది, ఒకటి పడింది. వాళ్లు ఒక పాయింటు ముందు. ఆఖరి నిమిషంలో మా పిల్ల ఒకతె వాళ్ల బంతి లాక్కుని కెప్టెన్‌కు ఇచ్చింది, ఆమె వేసింది, గెలిచాం. ఆ చివరి బంతి అందించింది కూడా నేనేనని చెప్పుకోవాలని ఉంది గానీ కాదు. నేను అప్పుడు కిందపడి మోకాలు పట్టుకుని ఉన్నాను.

ఆ ఆటలో పనికొచ్చే ఫోటో ఒక్కటే వచ్చింది. మా ఊరి స్టూడియో ఆయన సారు మీద అభిమానంతో వచ్చి, రీలులో మిగిలిన నాలుగైదు ఫోటోలు తీశాడు. మిగతావన్నీ మసక. మంచిది ఏదంటే, కెప్టెన్ రెండు చేతులా బంతి పట్టుకుని నిలబడి ఎటో చూస్తున్నది. అంచున, గాల్లోకి లేచిన ఒక చెయ్యి, మోచేతి దాకా. మనిషి లేదు. బడిలో హెడ్‌మాస్టరు గదిలో కట్టించి పెట్టారు. చూసిన ప్రతివాళ్లూ, ఆ చెయ్యి బంతి కోసం అడుగుతున్న చెయ్యి అనుకున్నారు. అది ఎందుకు లేచిన చెయ్యో ఈ భూమ్మీద ఇద్దరికే తెలుసు.

తర్వాత ఆమె స్టేటుకు ఆడింది, ఆటతోనే వేరే రాష్ట్రంలో ఉద్యోగం వచ్చింది, ఇప్పుడు అక్కడే పెద్ద టీముకు కోచ్. మా ఊరికి ఆమె అంటే ప్రాణం. టీ అంగడి దగ్గర ఆ ఫైనలు కథ ఇప్పటికీ చెప్పుకుంటారు. ఆమె ఒక్కతే ఆడిందంట, మిగతా నలుగురం ఉత్సవ విగ్రహాల్లా నిలబడ్డామంట, వాళ్లలో ఒకతె ఊరికే ఉండలేక కండె అని అరిచి కొంప ముంచబోయిందంట. ఆ ఒకతె నేనే. నా పెళ్లిచూపుల్లో మా ఆయన మేనత్త నన్ను ఎగాదిగా చూసి, "ఆ పొద్దు అరిచిన పిల్ల ఈమేనా" అని అడిగింది. మా ఆయన అప్పుడు నేర్చుకున్నాడు ఆ పేరు.

ఒక్కరికీ అనుమానం రాలేదు చూడండి. బంతి ఇచ్చిన మనిషి కండె అని ఎందుకు అరుస్తుంది? ఇంతమంది నేతగాళ్లున్న ఊరు, ఒక్కడూ అంత దూరం ఆలోచించలేదు.

మొదట్లో నాకు గర్వంగా ఉండేది. దాచుకున్న బెల్లంముక్కలా అప్పుడప్పుడు తలుచుకునేదాన్ని. తర్వాత్తర్వాత అదే పులిసింది. ఆమె ఏడాదికో రెండేళ్లకో ఊరికి వచ్చేది, మా ఇంటికి వచ్చేది, నా కూతుర్ని ఎత్తుకునేది, ఉగ్గాని బజ్జీ అడిగి చేయించుకుని తినేది. లోకం మీద మాటలన్నీ మాట్లాడేది. ఆ ఒక్కటి తప్ప. నేనూ అడగలేదు. నాకు పొగరు ఎక్కువ. కానీ ఆమె పోయిన ప్రతిసారీ ఒకటే పురుగు తొలిచేది. మర్చిపోయిందా? ఊరు చెప్పే కథ విని విని ఆమె కూడా నేనే అరిచానని నమ్ముతోందా? పేరు అక్కర్లేదు నాకు. ఆమె ఒక్కతెకు గుర్తుంటే చాలు. అది తెలియకుండా పోతానేమోనని దిగులుగా ఉండేది.

మొన్న ఎండాకాలం దాటాక, పాత విద్యార్థులు కలిసి బడి కోర్టుకు కొత్తగా సిమెంటు వేయించారు. దాన్ని ప్రారంభించడానికి కెప్టెన్‌ను పిలిచి సన్మానం పెట్టారు. హెడ్‌మిస్ట్రెస్ ఫోన్ చేసి, "మీరు ఆమెతో ఆడినారు కదమ్మా, ఐదు నిమిషాలు మాట్లాడాల" అంది. మా టీములో ఊళ్లో మిగిలింది నేనొక్కదాన్నే. ఒకతె యాడికిలో కాపురం, మోకాళ్లు పట్టేసి రానంది. మిగతా ఇద్దరూ ఎక్కడెక్కడో ఉన్నారు. సరేనన్నాను.

ముందురోజు సాయంత్రం నేనూ మా కూతురూ కుర్చీలు సర్దడానికి పోయాం. అప్పుడే ఫ్లెక్సీ వచ్చింది. ఆ పాత ఫోటోనే, ఏనుగంత చేశారు. కెప్టెన్ చుట్టూ మంటలు, నెత్తి మీద నక్షత్రాలు. కెప్టెన్ ఒక్కతే ఉంది. అంచున నా చెయ్యి ఉండాల్సిన చోట ఒక సింహం నోరు తెరుచుకుని ఉంది.

"ఇదేందప్పా, ఈ సింహమేంటికి?" అని ఫ్లెక్సీ కడుతున్నాయన్ని అడిగాను.

"ఆడ ఎవురిదో చెయ్యి అడ్డమొచ్చినాదక్కా. కోసేసినా. ఖాళీగా ఉంటే బాగుండదని సింహం పెట్టినా" అన్నాడు, మెచ్చుకుంటాననుకుని.

సింహమంట. ఆ చెయ్యి నాదని తెలిసిన మా కూతురు నా ముఖం చూసి, "పోనీలే మా, ఆ చెయ్యి ఎవరిదో ఎవరికీ తెలీదు కదా" అంది. ఓదార్చాలనే అంది, పిచ్చిది. ఇంటికి పోయేదాకా దాంతో మాట్లాడలేదు.

మరునాడు పొద్దున ఆమె వచ్చింది. మా ఊరి పట్టుచీర, కింద ఆటబూట్లు. జుట్టు నెరిసినా నడక మాత్రం అదే, మడమ ఆనీ ఆననట్టు. బ్యాండు వాయిస్తున్నారు, పిల్లలు పూలు చల్లుతున్నారు, హెడ్‌మిస్ట్రెస్ దండతో ఎదురుపోయింది. ఆమె ఎవరినీ చూడలేదు. తిన్నగా ఫ్లెక్సీ ముందుకు పోయి నిలబడింది. పైకీ కిందికీ చూసింది. నేను పది అడుగుల దూరంలో, తాంబూలం పళ్లెం పట్టుకుని ఉన్నాను.

"చెయ్యి యాడ?" అంది.

హెడ్‌మిస్ట్రెస్‌కు అర్థం కాలేదు. "ఏ చెయ్యి మేడమ్?"

"ఈ ఫోటోలో ఈడ ఒక చెయ్యి ఉండాల. యాడికి పోయింది?"

"అది... షాపాయన సెట్టింగ్ కోసమని తీసేసినాడు మేడమ్. మీరొక్కరే ఉంటే బాగుంటాదని."

"ఎవురు చెప్పినారు బాగుంటాదని?" అంది. గొంతు పెంచలేదు, అయినా బ్యాండువాళ్లు ఆపేశారు. అప్పుడు వెనక్కి తిరిగి నన్ను చూసింది. నా చేతిలో పళ్లెం ఊగి తమలపాకులు కిందపడ్డాయి. వంగి ఏరుకుంటూ ఏడ్చాను. ఎవరూ చూడలేదు, ఆకులు ఏరుతున్నాననుకున్నారు.

సభ మొదలవడానికి ముందు ముఖం కడుక్కోవాలని కుళాయి దగ్గరికి పోతే నా వెనకే వచ్చింది.

"కోపమా మే నా మీద?"

"దేనికి?" అన్నాను తెలియనట్టు.

"నాటకాలాడొద్దు. ఆ చెయ్యి లేకుంటే ఆ పొద్దు నేను బెంచీ మీద కూసోనుంటి. సెలక్షన్‌కు వచ్చినోళ్లు బెంచీ మీద కూసున్నదాన్ని ఏం చూస్తారు?"

"మరి ఇన్నేండ్లు ఒక్క మాట ఏంటికి చెప్పలేదు నాకు?" అన్నాను. అనుకున్నదానికంటే గట్టిగానే వచ్చింది.

"మొదుట్లో భయము. తర్వాత సిగ్గు. ఊరికొచ్చినప్పుడల్లా చెప్పల్లనుకుంటి. ఒక తూరి చెప్పకుండా ఊరుకుంటే మళ్ల చెప్పేకి నోరు రాదు మే. నీ ముఖం చూస్తే నువ్వు మర్చిపోయినావేమో అనిపిస్తాండె."

"నేనా? నువ్వు మర్చిపోయినావని నేను దిగులుపడి చస్తాంటే."

ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం. నలభై దాటిన ఆడవాళ్లం, కుళాయి వదిలేసి నవ్వుతున్నాం, నీళ్లు పోతున్నాయి. మా ఊళ్లో నీళ్లు అలా పోనిస్తే పాపం. ఆమే తేరుకుని కట్టేసింది.

"ఈ పొద్దు మైకులో చెప్పేస్తా. ఆ కండె అన్నది నేనే అని."

"చెప్పొద్దు" అన్నాను.

"ఏంటికి? నీకా చెడ్డపేరన్నా పోతాది కదా."

"నాకేం చెడ్డపేరు? మా ఆయన కండె అంటాడు, అంతే కదా. అలవాటైపోయినాది. నువ్వు ఇప్పుడు చెప్తే ఈ పిల్లోళ్లు ఫోన్లలో నీ ఆటను ముక్కలు కోస్తారు. ఇంత ఆమెది, ఇంత పక్కనోళ్లది అని. మా ఇంట్లో రోజూ చూస్తాండా ఆ కోతలు."

"కోసుకోనీలే. నిజమే కదా అది."

"నిజమే. అయినా వద్దు."

ఆమెతో అన్నది సగమే. మిగతా సగం నాకు నేను చెప్పుకున్నాను. నేను ఆడిన ఆటల్లో అన్నిటికంటే మంచిది ఆ చెయ్యెత్తడం. ముప్పై ఏళ్ల తర్వాత దాన్ని మైకులో సరిదిద్దితే, నా ఆట నాకు వెనక్కి ఇచ్చేసినట్టు ఉంటుంది. ఆమెకు గుర్తుంది. నాకు కావలసింది అదే, దొరికింది. ఇంకా ఎందుకు?

సభలో నన్ను ఐదు నిమిషాలు మాట్లాడమంటే, "ఆమె బాగా ఆడేది. మేమూ ఆడేవాళ్లం" అని చెప్పి దిగిపోయాను. జనం చప్పట్లు కొట్టి నవ్వారు. ఆమె నా మాట నిలబెట్టింది. ఆ ఫైనలు ఊసెత్తలేదు. కానీ మైకు అందుకోగానే మా నలుగురి పేర్లూ ఇంటిపేర్లతో సహా, ఎవరి ఇల్లు ఏ వీధిలో ఉండేదో కూడా కలిపి చెప్పింది. తర్వాతే తన మాటలు మొదలుపెట్టింది. వెనక వరుసలో మా ఆయన నా పేరు విని కుర్చీలో సర్దుకుని కూర్చోవడం వేదిక పక్కనుంచి నాకు కనపడింది.

సభ అయ్యాక పిల్లలు ఊరుకుంటారా? ఒక్క బంతి వేయండి మేడమ్ అని చుట్టుకున్నారు. ఆమె కొంగు నడుముకు దోపుకుని బుట్ట కిందికి పోయింది. ఎవరో నా చేతిలో బంతి పెట్టారు. కొత్త సిమెంటు ఎండకు మెరుస్తోంది, గాలి దుమ్ము లేపుతోంది. నేను గీత దగ్గర నిలబడ్డాను. మా కూతురు నా పక్కనే ఉంది.

ఆమె రెండు చేతులూ చాపి "కండె" అని అరిచింది. అదే గొంతు. రోడ్డు మీద ఒక ఆటో నిజంగానే ఆగింది.

విసిరాను. చేతులు మర్చిపోలేదు, తిన్నగా పోయి ఆమె చేతుల్లో పడింది. ఆమె వేసింది. రింగుకు తగిలి పక్కకు పోయింది. పిల్లలు "అయ్యో" అన్నారు. ఆమె తల పట్టుకుని నన్ను చూసి నవ్వింది, నేనూ నవ్వాను. నవ్వుతూ పక్కకు తిరిగితే మా కూతురు నవ్వడం లేదు. నన్నే చూస్తోంది.

"అమ్మా, కండె అని అరిచేది బంతి అడిగేవాళ్లు కదా?"

"అవును."

"ఇచ్చేవాళ్లు అరవరు."

"అరవరు."

"ఫోటోలో బంతి ఆమె దగ్గరుండాది. అప్పుడే నువ్వు ఇచ్చినావు. మరి చెయ్యి నువ్వెందుకు ఎత్తినావు?"

ముప్పై ఏళ్లకు అడిగింది ఒక్కరు. అది కూడా నా కడుపున పుట్టింది.

"ఆమె రెండు చేతుల్లో బంతి ఉండె కదా పాపా" అన్నాను. "నావి ఖాళీగా ఉండె."

మా కూతురు వాళ్ల నాయనకు ఈ సంగతి చెప్పిందో లేదో నేను అడగలేదు. మరునాడు పొద్దున ఆయన మగ్గం గుంతలో దిగి, అలవాటు ప్రకారం అమెరికా ఆయన్ని తిట్టడం మొదలుపెట్టాడు. మా కూతురు ఫోన్ తీసుకుని గడప మీద కాకుండా వచ్చి నా రాట్నం పక్కన కూర్చుంది.

"నాయనా, మిగిలిన నలుగురి పేర్లు చెప్తా, విను" అంది.

నోరు తిరగని పేర్లు, ఒక్కొక్కటే కూడబలుక్కుని చదివింది. మా ఆయన నాడె ఆపి, నాలుగూ అయ్యేదాకా విన్నాడు.